గాజు గదికి పదిహేను రోజులు

బుడగ మాస్టారి చేతిలో ఏది పెట్టినా తిరగడం మొదలుపెడుతుంది. పెన్ను, పళ్లు తోముకునే బ్రష్షు, టీ గ్లాసు, బస్సు టికెట్టు, ఏదైనా సరే. ఆయన పెళ్లి ఫొటోలో అందరూ స్పష్టంగా ఉంటారు. ఆయన చేతిలోని పూలగుత్తి ఒక్కటే మసకగా ఉంటుంది. ఫొటోగ్రాఫరు మూడుసార్లు తీశాడట. మూడుసార్లూ అంతే.

ఇదంతా ఉద్యోగం పెట్టిన అలవాటు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆయన విశ్వవిద్యాలయం సైన్సు భవనంలో గాజు ఊదుతున్నారు. ప్రయోగశాలల్లో ఫ్లాస్కు మెడ విరిగినా, గొట్టం చిట్లినా, బజారులో దొరకని వంకర నాళం కావలసి వచ్చినా ఆయన దగ్గరికే రావాలి. మంటలో మెత్తబడిన గాజును రెండు చేతులా ఒకే వేగంతో తిప్పుతూ, నోట్లో పెట్టుకున్న రబ్బరు గొట్టంతో సరిపడా ఊదాలి. తిప్పడం ఒక్క క్షణం ఆపితే కరిగిన గాజు జలుబు చేసిన ముక్కులా కిందికి జారుతుంది. ఆపకూడదని చేతులు ఏనాడో నేర్చుకున్నాయి. ఇంటికి వెళ్లాక ఆపొచ్చని మాత్రం వాటికి ఎవరూ చెప్పలేదు.

ఆయన ఊపిరి గురించి కూడా చాలా కథలున్నాయి. పక్కింటి పాప పుట్టినరోజుకి ఒక బెలూను ఊదిపెట్టమంటే ఊదారట. పాప దారం పట్టుకుని రెండో అంతస్తు దాకా వెళ్లిందట. నేను కళ్లారా చూడలేదు గానీ, నిచ్చెన వేసి పాపను దింపినాయన నాకు బాగా తెలుసు. అబద్ధమాడే మనిషి కాదు, అప్పు అడిగినప్పుడు తప్ప.

మాస్టారి గది సైకిల్ స్టాండు వెనక ఉంటుంది. ఒక బర్నరు, మంటను చూడటానికి రంగు కళ్లద్దాలు, గోడ పొడవునా గాజు గొట్టాలు పడుకోబెట్టిన అరలు, మూలన ఒక పొయ్యి. ఆ పొయ్యి పని చల్లార్చడం. అతికిన గాజు గబుక్కున చల్లారితే పైకి బాగానే కనిపిస్తుంది గానీ లోపల కోపం దాచుకుంటుంది. ఎల్లుండి ఎవరూ ముట్టుకోకుండానే టప్పుమంటుంది. అందుకని పొయ్యిలో పెట్టి గంటల తరబడి నెమ్మదిగా వేడి తగ్గించాలి. అలిగిన మనిషిని బుజ్జగించినట్టే.

గదికి ఒక కిటికీ ఉంది. కిటికీ గట్టు మీద ఒక చెక్క పళ్లెం. ఎవరైనా ఏదైనా పగలగొడితే తెచ్చి ఆ పళ్లెంలో పెడతారు, పక్కన ఒక చీటీ. చీటీ మీద ‘మెడ విరిగింది, గురువారం కావాలి’ అని మాత్రమే ఉంటుంది. పేరు ఉండదు. చెప్పిన రోజున వస్తువు అతికి పళ్లెంలో ఉంటుంది. చర్చిలో పాపాలు చెప్పుకునే కిటికీ లాంటిదే అనుకోండి, కాకపోతే ఇక్కడ పాపం విడిచిపెట్టి వెళ్తే మరమ్మతు చేసి తిరిగి ఇచ్చేస్తారు.

పేరు అడగకపోవడం మాస్టారు పెట్టిన పద్ధతి కాదు. ఆయనకి పని నేర్పిన పెద్దాయన మొదటి వారంలోనే చెప్పాడు: “ఎవరు పగలగొట్టారని అడిగావా, రెండోసారి ఎవడూ తీసుకురాడు. దాచేస్తారు. దాచిన గాజు చెయ్యి కోస్తుంది.” ఏది పగిలినా విద్యార్థి కట్టిన డిపాజిట్టులోంచి జరిమానా కోస్తారు, అదే ఉద్యోగి అయితే సంజాయిషీ రాసివ్వాలి, జీతంలోంచి కట్టాలి. ఆ భయమంతా ఆ కిటికీ దగ్గర ఆగిపోయేది.

మర్నాడు పొద్దున మాస్టారు బర్నరు వెలిగించడానికి నిన్నటి చీటీలనే మెలిపెట్టి అగ్గిపుల్లకి అందించేవారు. ఇరవై తొమ్మిదేళ్లు చేసిన పనికి సాక్ష్యం మొత్తం ఆయన రోజూ తొమ్మిదింటికల్లా తగలబెట్టేశారు.

ఆ సంగతి ఎవరికీ అక్కర్లేకుండానే గడిచిపోయేది, ఆ ఏడు ప్రభుత్వం ఇవ్వాల్సిన డబ్బులో మూడో వంతు కోత పెట్టకపోయి ఉంటే.

విశ్వవిద్యాలయం వెంటనే ఒక కమిటీ వేసింది. దాని పేరు పొదుపు కమిటీ. మొదటి సమావేశంలో రెండు రకాల బిస్కెట్లతో టీ తాగుతూ టీ ఖర్చు తగ్గించాలని తీర్మానించారు. తర్వాత వరసగా ఉత్తర్వులు వచ్చాయి. వరండాల్లో ఒక లైటు వదిలి ఒకటి వెలగాలి. ఎవరైనా రిటైరైతే ఆ కుర్చీ ఖాళీగానే ఉండాలి. లిఫ్టు మధ్యాహ్నం పన్నెండు దాకానే. పన్నెండుకి ఒక్క నిమిషం ముందు ఎక్కిన భూగోళం ప్రొఫెసరు గారు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఒక పరిశోధన వ్యాసం పూర్తి చేశారని చెప్పుకుంటారు. పెద్ద హాలుని బయటివాళ్లకి అద్దెకిచ్చారు. దాంతో తత్వశాస్త్రం పిల్లలు పరుపుల కంపెనీ ప్రదర్శన మధ్య కూర్చుని పరీక్ష రాశారు. ఆ ఏడు తత్వశాస్త్రంలో ఎన్నడూ లేనంతమంది పాసయ్యారు.

ఇంత చేసినా లోటు పూడలేదు. అప్పుడు కమిటీ అధ్యక్షుడు ఇంకో సూత్రం కనిపెట్టారు. ఆయన గణితం ప్రొఫెసరు, తీసివేతలంటే ప్రాణం. ఏడాదికి వంద పనులైనా చేయని విభాగాన్ని మూసేయాలి. పనులెన్నో రిజిస్టరు చెబుతుంది.

గాజు గది రిజిస్టరులో గడిచిన ఏడాది పదకొండు పనులున్నాయి. అందులో మూడు ఉపకులపతి గారి ఆఫీసులోని చేపల తొట్టివే. చేపలు డిపాజిట్టు కట్టవు కాబట్టి ఆ పని ధైర్యంగా రాయించారు.

ఉత్తరం సోమవారం వచ్చింది. పదిహేను రోజుల్లో పనికి ఆధారాలు చూపించాలి. లేకపోతే గది మూసి, మాస్టారిని పరీక్షల విభాగానికి పంపుతారు. అక్కడ పని జవాబు పుస్తకాలకి వరస అంకెలు వేయడం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చుని.

ఇంట్లో ఆయన భార్య కుట్టు మిషను ముందు కూర్చుని ఉత్తరం రెండుసార్లు చదివింది. ఆవిడ నలుగురి బట్టలు కుడుతుంది, నాలుగు మాటలు ఎక్కువే అంటుంది.

“ఫ్యాను కింద పనే కదండీ. చేతులు కాలవు, కళ్లు మండవు. ఏం పోయింది?”

“అంకెలు వెయ్యడం. అందులో తిప్పేదేముంటుంది?”

“పేజీలు తిప్పండి.”

ఆయన నవ్వలేదు. టీ గ్లాసు చేతిలో గిరగిరా తిరుగుతోంది, టీ అంచు దాటి కుట్టిన జాకెట్టు మీద పడబోయింది. ఆవిడ లేచి గ్లాసు లాక్కుంది.

“సరే. మిమ్మల్ని ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చోబెడితే మిగతా పదహారు గంటలూ ఈ ఇంట్లో నా ప్రాణం తీస్తారు. పుస్తకం లేకపోతే మనుషులు లేరా? ఎవరెవరికి చేశారో వాళ్ల చేతే ఉత్తరాలు రాయించుకురండి.”

మాస్టారు మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. ముందుగా రసాయనశాస్త్రం మేడమ్ దగ్గరికి. ఆవిడ ప్రయోగశాలలో నలభై మంది పిల్లలు పని చేస్తారు. అంటే ఎనభై చేతులు, అన్నీ జారేవే.

“మాస్టారూ, మీరు లేకపోతే నా ల్యాబే లేదు” అందావిడ, కుర్చీ చూపిస్తూ.

మాస్టారు కూర్చోలేదు. “ఆ ముక్కే కాయితం మీద రాయండమ్మా.”

ఆవిడ పెన్ను తీసింది. రెండు మాటలు రాసింది. ఆపి, తలెత్తి గోడ వైపు చూసింది. గోడ మీద ఫ్రేము కట్టిన ప్రశంసాపత్రం ఉంది, ఏడేళ్లుగా ఒక్క వస్తువు కూడా పగలని ప్రయోగశాల అని.

“కిందటేడు నాకెన్ని బాగుచేసి ఉంటారు?”

“అరవై దాకా ఉంటాయమ్మా.”

“ఆ అరవై పగల్లేదని నేను సంతకం పెట్టాను కదండీ.” పెన్ను మూత పెట్టేసింది. “ఇంకేదైనా చెప్పండి, తప్పకుండా చేస్తాను.”

వృక్షశాస్త్రంలోనూ ఇదే, భౌతికశాస్త్రంలోనూ ఇదే. అందరూ టీ ఇస్తామన్నారు. ఆఖరికి సామాన్ల స్టోరు చూసే పెద్దాయన దగ్గరికి వెళ్లారు. ఆయన కళ్లజోడు పైకి నెట్టి లావుపాటి పుస్తకం తెరిచాడు.

“చూడు నాయనా. నా పుస్తకం ప్రకారం ఈ విశ్వవిద్యాలయంలో పదకొండేళ్లుగా ఏదీ పగల్లేదు. ఇప్పుడు నన్నేం రాయమంటావ్? ఇక్కడ ఏదీ పగలదు, అయినా పగిలినవన్నీ ఈయనే అతికాడని రాయనా?”

“నిజం అదేగా బాబాయ్.”

“నిజమే. అందుకే రాయకూడదు.”

ఇలా అయిదు రోజులు పోయాయి. మాస్టారు మెట్లెక్కారు, దిగారు, ఎక్కారు. ఒక భవనంలోంచి ఇంకో భవనంలోకి నడుస్తూ జేబులోని తాళంచెవిని తిప్పి తిప్పి జేబుకి చిల్లు పెట్టారు. చివరికి కమిటీ అధ్యక్షుడి గది ముందు నిలబడి ఒక్కటే అడిగారు: మీ మనిషినే పంపండి, నా గదిలో కూర్చుని లెక్కపెట్టుకోమనండి.

అధ్యక్షుడికి లెక్కపెట్టడం అన్న మాట నచ్చింది. మిగిలిన పది రోజుల్లో ముప్పై పనులు కనిపిస్తే గది ఉంటుందన్నారు. ఒక్కో పనికీ ఒక ఫారం, మూడు ప్రతులు. మొదటి గడి వస్తువు, రెండోది దెబ్బ, మూడోది తేదీ, నాలుగోది పగలగొట్టినవారి పేరు, అయిదోది వారి విభాగాధిపతి సంతకం.

లెక్కపెట్టడానికి అకౌంట్స్ గుమస్తా వచ్చాడు. మెడలో టై, చంకలో ఫారాల కట్ట, ఇంకో చేతిలో కుర్చీలో వేసుకునే దిండు.

“అన్నా, నన్ను తిట్టుకోకండి. పంపారు, వచ్చాను.”

“తిట్టుకోవడమెందుకు తమ్ముడూ, కూర్చో.”

అతను వెలుతురు ఉందని కిటికీ దగ్గరే కూర్చున్నాడు. అక్కడే అంతా చెడింది. విద్యార్థులు సైకిల్ స్టాండు మలుపు దాకా వచ్చేవారు, కిటికీలో టై కనిపించేది, చేతిలోది సంచిలోకి తోసేసి, ఏదో మర్చిపోయినట్టు నుదురు కొట్టుకుని వెనక్కి తిరిగేవారు. ఆ నాలుగు రోజుల్లో మతిమరపు ఆ క్యాంపస్‌లో అంటువ్యాధిలా పాకింది.

మొదటి రోజు సున్నా. రెండో రోజు సున్నా. మాస్టారు బర్నరు వెలిగించారు, గ్యాసు వృథా అని ఆపారు, ఎవరైనా వస్తే ఆలస్యమవుతుందని మళ్లీ వెలిగించారు. గొట్టాలన్నీ పొడవును బట్టి సర్దారు. తర్వాత లావును బట్టి సర్దారు. అది బాగా లేదని మళ్లీ మొదటికి తెచ్చారు. పొయ్యి తలుపు తీసి లోపలికి చూశారు, లోపల ఏమీ లేదని తెలిసినా.

“కూర్చోండన్నా, కళ్లు తిరుగుతున్నాయి, నాకు.”

“కూర్చుంటే లేవాలనిపిస్తుంది తమ్ముడూ. ఆ లేచేదేదో ముందే లేచి ఉంటే పోలా?”

మూడో రోజు సున్నా. నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన సైకిల్ స్టాండులో అటూ ఇటూ తిరుగుతుంటే రసాయనశాస్త్రం చదివే ఒకమ్మాయి ఎదురుపడింది. ఆయన్ని చూడగానే కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుంది.

“ఏంటి తల్లీ ఆ వేలికి?”

“ఏం లేదు మాస్టారూ. తలుపులో పడింది.”

“తలుపులో పడితే నలుగుతుంది. కట్టులోంచి అంత రక్తం రాదు. గాజేనా?”

ఆ అమ్మాయి అటూ ఇటూ చూసింది. “కండెన్సర్ అంచు చిట్లింది. టేపు చుట్టి వాడుతున్నాం.” కండెన్సర్ అంటే ఆవిరిని చల్లబరిచి మళ్లీ నీరు చేసే గాజు గొట్టం, లోపల ఇంకో గొట్టం చుట్టలు చుట్టుకుని ఉంటుంది. “దగ్గర్లోనే ప్రాక్టికల్ పరీక్ష. నలభై మందికి బాగున్నవి ఇరవై రెండు.”

“మిగతావి ఎక్కడ?”

“సింకు కింద. అట్టపెట్టెల్లో.”

“నా దగ్గరికి తేకుండా సింకు కింద పెట్టడమేంటమ్మా?”

“పేరు రాయాలంట కదా మాస్టారూ. ఒక్కోదానికీ డిపాజిట్టులో కోస్తారు. నేను ఇంట్లో ఏమని చెప్పను? పోయినసారి ఫీజుకే మా పెద్దనాన్న దగ్గర తెచ్చారు.”

ఆ అమ్మాయి వెళ్లిపోయింది. ఆయన అక్కడే నిలబడి ఒక సైకిల్ పెడల్ని కాలితో తిప్పుతూ ఉండిపోయారు. అది ఎవరి సైకిలో వాడొచ్చి, గురువుగారూ నేను బయల్దేరాలి, అనే దాకా.

గదిలోకి వచ్చేసరికి గుమస్తా తెల్ల కాయితం మీద నాలుగో సున్నా చుడుతున్నాడు.

“తమ్ముడూ, ఆ నాలుగో గడిలో ఎవరి పేరైనా రాయొచ్చా?”

“ఎవరి పేరుంటే వాళ్ల మీద రికవరీ పడుతుందన్నా, డబ్బు వాళ్లే కట్టాలి. నిజమో అబద్ధమో చూడటం నా పని కాదు. ఖాళీ మాత్రం ఉండకూడదు.”

“నా పేరు రాస్తే?”

గుమస్తా పెన్ను ఆగింది. “మీరు పగలగొట్టలేదు కదా?”

“చూశావా నువ్వు?”

“లేదనుకోండి. కానీ కింద విభాగాధిపతి సంతకం కావాలి.”

“ఈ గదికి అధిపతి ఎవరు?”

గుమస్తా గది నాలుగు మూలలా చూశాడు. పొయ్యి ఉంది, బర్నరు ఉంది, తనున్నాడు. “మీరే అయ్యుంటారు. ఇంకెవరూ లేరు కదా.”

మాస్టారు ఆ సాయంత్రమే ప్రతి ప్రయోగశాల గుమ్మంలోనూ తలపెట్టి ఒకే మాట చెప్పారు. “సింకుల కింద, బీరువాల వెనక, ఎక్కడెక్కడ దాచారో అన్నీ పట్టుకురండి. పేరు ఎవరూ అడగరు. గడి నిండిపోయింది.”

మర్నాడు పొద్దున గది తలుపు తెరవడానికి సందు లేదు. బకెట్లతో, అట్టపెట్టెలతో, పాత పత్రికల పొట్లాలతో వచ్చారు. కొన్ని మొన్న పగిలినవి; కొన్ని వాటిని తెచ్చిన పిల్లలు పుట్టకముందు పగిలినవి. భౌతికశాస్త్రం వాళ్లు తెచ్చిన గాజు బుడ్డి ఎంత పెద్దదంటే దాన్ని నలుగురు మోశారు, అయిదోవాడు లోపల కూర్చుని దారి చెప్పాడు. జీవశాస్త్రం వాళ్ల జాడీలో కప్ప ఇంకా ఉంది. దాన్ని చంపినవారి పేరు రాయడానికి ఫారంలో గడి లేదు.

అందరూ అనుకున్నంత కష్టం అన్నిటికీ పడలేదు. చాలావాటికి చిట్లిన అంచును మంటలో కాసేపు తిప్పి నున్నగా చేస్తే చాలు. కండెన్సర్లు మాత్రం ఏడిపించాయి. లోపలి చుట్ట అతికేటప్పుడు పైది వేడెక్కి జారేది. పైది చూస్తుంటే లోపలిది పక్కకి వాలేది. మాస్టారు తిప్పారు, ఊదారు, చెమట కనుబొమల మీంచి కళ్లద్దాల మీదికి కారింది. గుమస్తా ఒక్కో వస్తువుకీ మూడు ప్రతులు రాశాడు. నాలుగో గడిలో అదే పేరు, అయిదో గడిలో అదే సంతకం. మూడో రోజుకి అతను టై విప్పేసి పొయ్యి తలుపు తియ్యడం, మూయడం నేర్చుకున్నాడు. అయిదో రోజుకి అతని చేతిలో పెన్ను తిరగసాగింది. ఇంట్లో వాళ్లు గమనించి కంటి డాక్టరుకి చూపించారని వినికిడి.

ఆరు రోజుల్లో రెండొందల పద్నాలుగు ఫారాలు.

ఆదివారం మధ్యాహ్నం భోజనం దగ్గర మాస్టారు సంగతి బయటపెట్టారు. భార్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

“రెండొందల పద్నాలుగు పగలగొట్టారా! ఇంట్లో నా చేతిలోంచి ఒక్క కప్పు జారితే వారం రోజులు ఆ పెంకుల్నే చూపించేవారు!”

“పగలగొట్టలేదోయ్. పగలగొట్టానని రాశాను.”

“అయితే డబ్బు కూడా కట్టానని రాసేస్తే సరిపోతుందా?”

ఆవిడ లేచి నీళ్లు తాగింది, వచ్చి కూర్చుంది, మళ్లీ లేచింది. ఆ ఇంట్లో నిలకడ లేనిది ఇన్నాళ్లూ ఆయనొక్కరికే.

“నన్నొక్క మాట అడగాలనిపించలేదా మీకు?”

“అడిగితే వద్దంటావు.”

“అంటాను. ఎందుకనను? నెలంతా మిషను తొక్కేది నేను.” కాసేపటికి గొంతు తగ్గించి అడిగింది. “ఆ పిల్ల వేలు ఎలా ఉంది?”

“రెండు కుట్లు పడ్డాయట.”

“కుడిచెయ్యా?”

“కుడిచెయ్యే.”

ఆవిడ కంచాలు తీసుకుని లోపలికి వెళ్లింది. గిన్నెల చప్పుడు మామూలు కన్నా గట్టిగా వినిపించింది.

మంగళవారం కమిటీ కూర్చుంది. ఒక లైటు వదిలి ఒకటి వెలగడంతో సభ్యుల్లో సగం మంది వెలుగులో, సగం మంది చీకట్లో ఉన్నారు. అధ్యక్షుడు చీకటి వైపు ఉన్నారు కాబట్టి ఫారాలు పక్కాయన ముందుకు జరిపి చదివించుకున్నారు. మాస్టారు నిలబడ్డారు. కుర్చీ చూపించినా నిలబడే ఉన్నారు. బల్ల మీది పెన్ను ఒకటి ఎప్పుడు చేతిలోకి వచ్చిందో ఆయనకే తెలీదు.

“ముప్పై అడిగితే రెండొందల పద్నాలుగు” అన్నారు అధ్యక్షుడు. “అంటే గదిలో పనుంది.”

“ఉందండి.”

“ఆ పని ఉండటానికి కారణం, అన్నీ మీరే పగలగొట్టడం.”

“కాయితం ప్రకారం అంతేనండి.”

వెలుగులో ఉన్న సభ్యుడొకాయన ఉత్సాహంగా ముందుకి వంగాడు. “అయితే ఈయన్ని అక్కణ్ణుంచి తీసేస్తే పగలడం ఆగిపోతుంది. పగలడం ఆగితే ఆ గదే అక్కర్లేదు. రెండు ఖర్చులు తగ్గుతాయి!”

గదిలో తలలు ఊగాయి. మాస్టారి గుండె కరిగిన గాజులా కిందికి జారింది. అధ్యక్షుడు చెయ్యెత్తి ఊగే తలల్ని ఆపారు.

“చూడండి మాస్టారూ. మేం అమాయకులం కాదు. ఒక్క మనిషి ఆరు రోజుల్లో అన్ని పగలగొట్టలేడు, కసిగా కూర్చున్నా సరే. అసలు పేర్లు చెప్పండి. సగం చెప్పినా చాలు. గది ఉంటుంది, మీ మీద పైసా పడదు.”

ఎవరు ఏ ల్యాబు నుంచి ఏ బకెట్టు మోసుకొచ్చారో ఆయన కళ్లతో చూశారు. మేడమ్ అరవై ఆయనకి తెలుసు. సింకు కింద పెట్టెల మీద ఎవరి రాత ఉందో తెలుసు. పెన్ను గిరగిరా తిరుగుతోంది.

“అయ్యా, మొదటి నాలుగు రోజులు పేర్లు అడిగాం. ఒక్కటంటే ఒక్కటి రాలేదు, ఒక పిల్ల వేలు మాత్రం తెగింది. అడగడం మానేశాం, రెండొందల పద్నాలుగు వచ్చాయి. మీకు పేరు కావాలి. నా పేరు ఉంది, కింద సంతకం కూడా ఉంది. ఇంకో పేరు నేనివ్వను.”

“అయితే డబ్బు మీరు కడతారు. పరీక్షల విభాగానికీ వెళ్తారు.”

అప్పుడు గోడ పక్కన కూర్చున్న గుమస్తా లేచి గొంతు సవరించుకున్నాడు. “అయ్యా, రికవరీ నడుస్తుండగా ఉద్యోగిని వేరే విభాగానికి బదిలీ చెయ్యకూడదని నిబంధన ఉందండి. పగలగొట్టిన చోటే ఉండి తీర్చాలి.”

“ఒక్క నెలలో కోసెయ్యండి.”

“నెల జీతంలో ఇరవయ్యో వంతు దాటి కొయ్యకూడదని ఇంకో నిబంధన అండి. నేను వేసి చూశాను. నాలుగేళ్ల పది నెలలు పడుతుంది.”

“ఆయన రిటైర్మెంటుకి ఎంతుంది?”

“నాలుగేళ్ల పదకొండు నెలలండి.”

అధ్యక్షుడు వెలుగులోకి కుర్చీ జరుపుకుని, కాయితం తీసుకుని ఆ భాగహారం తనే వేశారు. ఇంకోసారి వేశారు. అదే వచ్చింది. తీసివేతలంటే ఆయనకి ఎంత ప్రాణమైనా, సరిగ్గా వచ్చిన లెక్కకి ఎదురు చెప్పే మనిషి కాదు.

“గది ఉంటుంది” అన్నారు. “ఈయన కూడా ఉంటాడు, వేరే దారి లేదు కనక. ఫారాలు మాత్రం ఇక ముందు కూడా నింపాలి. నాలుగో గడి ఖాళీ ఉండకూడదు.”

“ఉండదండి” అన్నారు మాస్టారు.

బయటికొచ్చాక మాస్టారు గుమస్తా చెయ్యి పట్టుకోబోయారు. అతను చుట్టూ చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “నేను నిబంధన చదివానంతే అన్నా. మీరు నాకేం చెప్పకండి, నేను మీకేం చెప్పలేదు. పైగా వచ్చే నెల వాళ్లు మూసేది మా సెక్షనే అంటున్నారు.”

మాస్టారు ఇంటికి వెళ్లినా భార్య మిషను ఆపలేదు. అంతా విన్నది, సూది నడుస్తూనే ఉంది.

“నెలనెలా కోస్తారు, రిటైరయ్యేదాకా.”

“రిటైరవడానికి నెల ముందు దాకా.”

సూది ఆగింది. “నెల ముందు దాకానా? ఆఖరి నెల?”

“ఆ నెల బదిలీ చెయ్యొచ్చు. పరీక్షల విభాగం.”

“అన్ని రాసినవారు ఇంకో నాలుగు ఫ్లాస్కులు రాసుకోలేకపోయారా?” ఆవిడ దారం కొరికి తెంపింది. “నెలకి ఇంకో రెండు జాకెట్లు కుడతాను. కానీ మీరు రేపట్నుంచి ఎన్ని రాశారో నాకు రోజూ చెప్పాలి. చెప్పకుండా రాశారో, ఈ ఇంట్లో మీకు స్టీలు గ్లాసు కూడా ఇవ్వను.”

“ఇవాళ మూడు” అన్నారు ఆయన.

“అప్పుడేనా!”

కానీ ఆయన అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు. వచ్చే సోమవారం పరీక్షకి కండెన్సర్లు ఇంకా పదకొండు మిగిలాయి, ఆ ఆరు రోజుల హడావిడిలో పొయ్యిలోంచి త్వరగా తీసేసినవి ఎనిమిది. వాటిని నెమ్మదిగా చల్లారనివ్వలేదు. ఏ పిల్ల చేతిలో ఏది టప్పుమంటుందో చెప్పలేం. ఆ ఎనిమిదీ వెతికి పట్టుకుని మళ్లీ పొయ్యిలో పెట్టాలి.

“టీ అయినా తాగి వెళ్లండి.”

“వచ్చి తాగుతాను.”

“వస్తే కదా” అందావిడ. అప్పటికి ఆయన వీధి మలుపు తిరిగిపోయారు.